మెడలో 60, తలలో 70: స్ట్రోక్ తెచ్చిన నాళం ఏది?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. షుగర్ వచ్చి 14 ఏళ్లయింది, బీపీ కూడా ఉంది. సిగరెట్లు మానేసి ఎనిమిదేళ్లు. నెల కిందట ఓ ఉదయం పేపరు చదువుతుండగా మాట ముద్దగా వచ్చింది, కుడి చేతిలో కప్పు జారి పడిపోయింది. స్ట్రోక్ అన్నారు. ఎమ్మారైలో ఎడమ మెదడులో చిన్న చిన్న మచ్చలు కనిపించాయి. మెడ డాప్లర్‌లో కుడి కెరోటిడ్ 60 శాతం, ఎడమది 30 శాతం ఇరుకైందని రాశారు. రెండు వారాలకి చేసిన సీటీ యాంజియోలో అదే కుడి నాళం 75 శాతం అన్నారు, తల లోపల ఎడమ ఎంసీఏ 70 శాతం అన్నారు. రెండేళ్ల కిందట గుండె యాంజియోగ్రామ్ చేస్తే బ్లాకులు లేవు. ఒకే ఒంట్లో, ఒకే రక్తం పారే నాళాల్లో ఇన్ని తేడాలేమిటి? మెడలో ఎక్కువ పూడింది కుడివైపు అయితే ఎడమ మెదడు ఎందుకు దెబ్బతింది? అన్ని చోట్లా స్టెంట్లు వేయించేయమని బంధువులు అంటున్నారు. ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ 104 ఉంటే రిపోర్టులో నార్మల్ అని ఉంది, అయినా కొలెస్ట్రాల్ మాత్ర పెద్ద డోసులో ఇచ్చారు. నాన్న ఇప్పుడు మామూలుగానే తిరుగుతున్నారు, మాత్రలెందుకు అంటున్నారు. చివరిగా, నేనూ తమ్ముడూ కూడా డాప్లర్ చేయించుకోవాలా?

సమాధానం: అమ్మా, కాసేపు ఆ శాతాలన్నీ పక్కన పెట్టి, జారిపడిన కప్పు దగ్గర మొదలుపెడదాం. ఈ కేసులో అసలు సాక్ష్యం అదే. కుడి చెయ్యి, మాట: రెండూ సాధారణంగా ఎడమ మెదడు పని. ఆ భాగానికి రక్తం ఎడమ కెరోటిడ్ ద్వారా మెడలోంచి పైకెక్కి, తలలోకి వెళ్లాక ఎంసీఏ అనే పెద్ద కొమ్మ ద్వారా చేరుతుంది. కుడి కెరోటిడ్ వల్ల స్ట్రోక్ వచ్చి ఉంటే పడిపోవాల్సింది ఎడమ చెయ్యి. కాబట్టి కుడి మెడనాళంలో 60 ఉన్నా 75 ఉన్నా, ఈ స్ట్రోక్‌కి సంబంధించినంత వరకు అది ముద్దాయి కాదు. దాని సంగతి వేరుగా మాట్లాడుకోవాలి, మాట్లాడుకుందాం కూడా.

ఇంత సూటిగా చెబుతున్నానంటే దానికో కారణం ఉంది. నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో రిపోర్టులో పెద్ద అంకె ఎక్కడుంటే అక్కడే దొంగ దొరికాడనుకునేవాణ్ణి. ఒకాయనకి కెరోటిడ్‌లో మంచి పూడికే కనిపించింది, స్ట్రోక్ వచ్చింది కూడా అటువైపే. ఇంక ఆలోచించేదేముంది అనుకున్నాను. సాయంత్రం డ్యూటీ నర్సు ఆయన నాడి పట్టుకుని, ‘సార్, ఇది లెక్క తప్పి కొట్టుకుంటోంది’ అంది. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదుల లయ తప్పే జబ్బు. గుండె గదిలో గడ్డ కట్టి అక్కడినుంచి మెదడుకి వెళ్లిందన్న అనుమానమే ఎక్కువ బలంగా నిలిచింది. మందే మారిపోయింది. అప్పటినుంచి రిపోర్టు తెరిచే ముందు నాడి చూడటం అలవాటైంది. మీ నాన్నగారికి కూడా గుండె లయని కనీసం ఒకట్రెండు రోజులైనా మానిటర్ మీద చూశారా లేదా అడగండి. ఎంసీఏలో ఇరుకు కనిపించినంత మాత్రాన ఆ ప్రశ్న మాయమైపోదు.

ఇక మీ అసలు ప్రశ్న. ఒకే రక్తం పారుతున్నప్పుడు నాళానికో తీరుగా జబ్బెందుకు?

రక్తం ఒకటే, కానీ నాళాలు ఒకటి కావు. గుటక వేసినప్పుడు కదిలే గొంతు ముడికి పక్కగా, కాస్త పైన, కెరోటిడ్ రెండుగా చీలుతుంది. ఒకటి మెదడుకి, ఒకటి ముఖానికి. మెదడుకి వెళ్లే కొమ్మ మొదట్లో కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. కాలువ వెడల్పయ్యే చోట నీళ్లు ఏం చేస్తాయో తెలుసుగా, నడిమి పాయ సూటిగా పోతుంది, గట్టు వారన నీళ్లు మందగించి సుడి తిరుగుతాయి. ఇక్కడా అంతే. రెండు కొమ్మల నడుమ ఉన్న గోడని రక్తం బలంగా రాసుకుంటూ పోతుంది, అది చాలాకాలం శుభ్రంగానే ఉంటుంది. దానికి ఎదురుగా ఉన్న బయటి గోడ దగ్గర ప్రవాహం నెమ్మది, పైగా గుండె కొట్టుకునే ప్రతిసారీ ముందుకీ వెనక్కీ ఊగిసలాడుతుంది. ఆ గోడ లోపలి పొర చురుకుగా పనిచేయదు, దాని సందుల్లోంచి కొలెస్ట్రాల్ లోపలికి దిగుతుంది. అందుకే మెడలో పూడిక ఎక్కడ పడితే అక్కడ కాకుండా, మనిషి మనిషికీ దాదాపు అదే అంగుళం మేర కనిపిస్తుంది.

కాలువ అన్నాను కదా అని, ఒండ్రు పేరుకున్నట్టు నాళం లోపల పైపైన మడ్డి పేరుకుంటుందని మాత్రం అనుకోకండి. ప్లాక్, అంటే ఈ పూడిక, పెరిగేది గోడ లోపల. చెమ్మ పట్టిన గోడకి సున్నం కింద పెచ్చు ఉబ్బడం చూసే ఉంటారు, సరిగ్గా అలాంటిది. పెచ్చు గట్టిగా అతుక్కుని ఉంటే ఏళ్లతరబడి ఏమీ కాదు. పైపొర పలచబడి పగిలిందా, లోపలి కొవ్వు రక్తానికి తగిలి నిమిషాల్లో గడ్డ కడుతుంది. పెద్ద పెచ్చు గట్టిగా ఉండొచ్చు, చిన్న పెచ్చు రేపో మాపో ఊడేలా ఉండొచ్చు. 30 శాతం అన్న ఎడమ కెరోటిడ్‌ని కూడా డాక్టర్లు పూర్తిగా వదిలేయకుండా, మెత్తగా ఉందా, పైన పుండు పడిందా అని చూసేది అందుకే.

వెనక మెదడుకి వెళ్లే వెర్టిబ్రల్ నాళాలది ఇంకో తీరు. అవి భుజం వైపు వెళ్లే పెద్ద ధమనిలోంచి పుడతాయి, ఆ మొదట్లో పూడిక సాధారణం. తర్వాత మెడ వెన్నుపూసల పక్క రంధ్రాల్లోంచి పైకి పాకుతాయి. ఎముకల సొరంగంలో ఉన్నంత మేరా పూడిక తక్కువే. మళ్లీ కపాలంలోకి దూరాక, రెండూ కలిసి బేసిలార్ అయ్యే దగ్గర పూడికకి అవకాశం పెరుగుతుంది. ఒకే నాళం, మధ్యలో బాగుండి రెండు కొసల్లో చెడటం!

కపాలం లోపలికి వెళ్లేసరికి గోడ నిర్మాణమే మారిపోతుంది. మెడ నాళాల గోడకి బయటివైపు కూడా సాగే పొర ఒకటుంటుంది. మెదడు నాళాలకి అది దాదాపు ఉండదు, బయటి కవచం కూడా పలచన. చుట్టూ కండ లేదు, మెదడు నీరే. ఈ నాళాలు చాలాకాలం మొండిగా తట్టుకుంటాయి. గుండె నాళాల్లో, గుండెలోంచి బయలుదేరే బృహద్ధమనిలో జబ్బు మొదలైన ఎన్నో ఏళ్లకి గానీ వీటిలో సాధారణంగా కనిపించదు. కానీ షుగర్, బీపీ ఏళ్లతరబడి కలిసి కూర్చుంటే ఆ మొండితనం కరిగిపోతుంది. తల లోపలి నాళాల్లో ఇరుకు ఆసియా, ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది, యూరప్ మూలాలున్నవాళ్లలో మెడ కెరోటిడ్ జబ్బు వాటా ఎక్కువ. దీనికి కారణం జన్యువులా, షుగరా, బీపీని సరిగా అదుపులో పెట్టకపోవడమా అని ఇంకా వాదనలు నడుస్తున్నాయి. మూడూ కలిసే అని నా అభిప్రాయం.

మీ నాన్నగారి ఒంట్లో రెండు కథలూ పక్కపక్కనే ఉన్నాయి. సిగరెట్, కొలెస్ట్రాల్ ప్రధానంగా మెడ నాళాల మీద పడతాయి. షుగర్ తల లోపలి నాళాల మీద పడుతుంది. ఆయన రెంటికీ అవకాశం ఇచ్చారు. ఇది నిందించడానికి కాదు, సిగరెట్ మానేసి ఎనిమిదేళ్లు నిలబడటం చిన్న విషయం కాదు.

ఇంకో రకం నాళాలున్నాయి, అవి ఏ యాంజియోలోనూ సరిగా కనపడవు. ఎంసీఏ లాంటి పెద్ద నాళంలోంచి నిటారుగా లేచి మెదడు లోతుకి దిగే వెంట్రుకల్లాంటి కొమ్మలు. చెరువు తూము దగ్గర్లోనే ఉన్న పిల్లకాలువ మీద వరద ఒత్తిడి ఎలా ఉంటుందో, వీటి మీద బీపీ అలా పడుతుంది. వీటి గోడలు మందంగా, గాజులా మారి మూసుకుపోతాయి. వీటివల్ల లోతుగా, 15 మిల్లీమీటర్లు మించని చిన్న గుంటలు పడతాయి, వాటినే లాక్యూన్లు అంటారు. గమ్మత్తేమిటంటే పెద్ద నాళంలో పెచ్చు ఉబ్బినప్పుడు అది ఈ పిల్లకాలువ మొగకి అడ్డంగా కూర్చుని కూడా మూసేయగలదు. అప్పుడు జబ్బు పెద్ద నాళానిది, దెబ్బ మాత్రం చిన్న నాళం తిన్నట్టు కనిపిస్తుంది.

గుండె యాంజియోగ్రామ్ బాగుంది కదా అన్నారు. గుండె నాళాలు, మెదడు నాళాలు తరచూ కలిసే చెడతాయి, కానీ ఒకేసారి చెడాలని లేదు. పైగా యాంజియోగ్రామ్ చూపించేది రక్తం పారే దారిని, గోడని కాదు. గోడలో ప్లాక్ పెరుగుతున్నా నాళం మొదట్లో బయటికి ఉబ్బి దారిని కాపాడుకుంటుంది. 1987లో గ్లాగోవ్ బృందం గుండె నాళాల మీద ఈ సంగతి చూపించింది: నాళం లోపలి జాగాలో దాదాపు 40 శాతం ప్లాక్ ఆక్రమించేదాకా లోపలి దారి పెద్దగా తగ్గలేదు. ‘బ్లాకులు లేవు’ అంటే ‘జబ్బు లేదు’ అని కాదన్నమాట. తేడాల గురించే అడిగారు కాబట్టి ఒకటి చెబుతాను. రొమ్ము ఎముక పక్కగా, ఛాతీ గోడ లోపలివైపు ఇంటర్నల్ మామరీ అని ఒక ధమని ఉంది, పొగతాగేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో కూడా అది చాలావరకు శుభ్రంగా ఉంటుంది. బైపాస్ సర్జన్లు ఏరికోరి దాన్నే వాడటానికి ఇదొక పెద్ద కారణం.

ఇప్పుడు 60, 75 గొడవ. రెండు వారాల్లో 15 శాతం పెరిగిపోయిందని మీకు టెన్షన్ పట్టుకున్నట్టుంది. బహుశా ఏమీ పెరగలేదు, కొలిచే పద్ధతి మారింది. ఇరుకు దగ్గర దారి 2 మిల్లీమీటర్లు ఉందనుకోండి. పైకి వెళ్లాక మామూలుగా ఉన్న నాళం 5 మిల్లీమీటర్లు. దానితో పోలిస్తే 60 శాతం ఇరుకు. కానీ ఆ ఉబ్బెత్తు చోట నాళం అసలు వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండి ఉంటుందని అంచనా వేసి దానితో పోల్చితే? అదే ఇరుకు 75 శాతం అవుతుంది. మొదటిది అమెరికా, కెనడాల్లో జరిగిన నాసెట్ పరిశోధన పద్ధతి, రెండోది యూరప్ పరిశోధనది. డాప్లర్ అయితే దారిని నేరుగా కొలవదు కూడా. రబ్బరు గొట్టం మూతి మీద బొటనవేలు పెడితే నీళ్లు వేగంగా చిమ్ముతాయి కదా, ఆ వేగాన్ని చూసి ఇరుకు ఎంతో లెక్కగడుతుంది. అందుకే ‘ఈ శాతం నాసెట్ ప్రకారమా?’ అన్న ఒక్క ప్రశ్న రేడియాలజిస్టుని అడగండి.

ఎంసీఏలో 70 విషయంలోనూ జాగ్రత్తగా చదవాలి. అక్కడ నాళం వెడల్పే 3 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే అంకె గబుక్కున మారిపోతుంది. అంకె కన్నా ఎమ్మారైలో మచ్చలు ఎలా చెదిరి ఉన్నాయో నాకు ఎక్కువ పనికొస్తుంది. ఎంసీఏ పరిధిలోనే చిన్న చిన్నవిగా చెదిరితే పైనున్న పెచ్చు నుంచి తునకలు ఊడి కొట్టుకుపోయాయని అర్థం చేసుకుంటాం. రెండు నాళాల సరిహద్దు మీద వరుసగా ఉంటే రక్తం చాలినంత అందలేదని, లోతుగా ఒకే మచ్చ ఉంటే చిన్న కొమ్మ మొగ మూసుకుందని. మచ్చలు రెండువైపులా, ముందూ వెనకా కూడా ఉంటే గుండెనో, గుండె దగ్గరి బృహద్ధమని వంపునో అనుమానిస్తాం. మీరు రాసినదాన్ని బట్టి మీ నాన్నగారివి ఒక్క ఎడమవైపే ఉన్నాయి. ఎడమ ఎంసీఏ మీదే అనుమానం బలంగా ఉంది, ఫిల్ములు చూసిన డాక్టరు మాట నా మాట కన్నా పైమాట.

మరి స్టెంట్లు? ‘అన్ని చోట్లా’ అన్న మాట బంధువులు ప్రేమతోనే అన్నారు, కానీ వినకండి.

తల లోపలి ఇరుకుకి స్టెంటు వేస్తే మేలా అని తేల్చడానికి అమెరికాలో సాంప్రిస్ అనే ట్రయల్ చేశారు, ఫలితాలు 2011లో వచ్చాయి. 70 నుంచి 99 శాతం ఇరుకుతో, ఈమధ్యే స్ట్రోక్ లేదా స్ట్రోక్ లాంటి లక్షణాలు వచ్చిపోయినవాళ్లు 451 మంది. సగం మందికి మందులు, సగం మందికి మందులతో పాటు స్టెంటు. 30 రోజుల్లో స్ట్రోక్ వచ్చినవాళ్లూ చనిపోయినవాళ్లూ కలిపి స్టెంటు వైపు 14.7 శాతం, మందుల వైపు 5.8 శాతం. ట్రయల్‌లో కొత్తగా చేర్చుకోవడం మధ్యలోనే ఆపేశారు. ఎందుకిలా? గోడ పలచన, దారి మలుపులు, పైగా స్టెంటు వత్తిడికి పెచ్చు పక్కకి జరిగి ఆ పిల్లకాలువల మొగలని కప్పేస్తుంది. మందులు సరిగా వాడుతున్నా మళ్లీ మళ్లీ స్ట్రోక్ వచ్చేవాళ్ల విషయంలో తప్ప, మొదటి దెబ్బకే అక్కడ స్టెంటు అనే ఆలోచన నాకు రాదు.

మెడ కెరోటిడ్ విషయం వేరు. అక్కడ సర్జరీకి గట్టి ఆధారమే ఉంది, కానీ ఆ నాళమే స్ట్రోక్ తెచ్చినప్పుడు. 1991 నాసెట్ ఫలితాల్లో, లక్షణాలు తెచ్చిన నాళంలో 70 శాతం పైగా ఇరుకున్నవాళ్లకి రెండేళ్లలో అటువైపు మళ్లీ స్ట్రోక్ రావడం మందులతో 26 శాతం, ఆపరేషన్‌తో 9 శాతం. అదే మీ నాన్నగారి ఎడమ కెరోటిడ్‌లో 70 ఉండి ఉంటే, నేను ఈ జవాబు ఇంత తీరిగ్గా రాసేవాణ్ణి కాదు, రెండు వారాల్లోపు ఆపరేషన్ చేయించుకోమని తొందరపెట్టేవాణ్ణి. 50 నుంచి 69 మధ్య లాభం తక్కువ, 50 లోపు లేదు. కుడివైపు నాళం ఇంతవరకు ఏ లక్షణమూ ఇవ్వలేదు కాబట్టి, నాసెట్ లెక్కలో అది 60 దగ్గరే ఉందని తేలితే మందులు వాడుతూ ఆరు నెలలకోసారో ఏడాదికోసారో డాప్లర్ చూసుకుంటే సరిపోతుంది. అది గబగబా పెరుగుతున్నా, లక్షణం చూపించినా అప్పుడు లెక్క మారుతుంది. ఆ లక్షణాలు ఇలా ఉంటాయి: కుడి కంటికి తెర దించినట్టు చూపు పోయి కాసేపటికి తిరిగి రావడం, ఎడమ చెయ్యో కాలో బలం తప్పడం, ముఖం ఎడమవైపు వాలడం. కన్ను అటువైపుదే, చెయ్యి ఎదుటివైపుది. వచ్చి పోయినా సరే, పోయింది కదా అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మందుల దగ్గరికొస్తే మాత్రం కథ తిరగబడుతుంది. జబ్బు నాళానికో తీరు, మందు చాలావరకు అన్నిటికీ ఒకటే. ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ ఇచ్చి ఉంటారు, రెండూ రక్తం గడ్డ కట్టకుండా చూసేవే. ఎంసీఏ లాంటి చోట తీవ్రమైన ఇరుకుకి ఆ జంటని మామూలుగా 90 రోజుల వరకు ఇచ్చి, తర్వాత ఒకదానికి తగ్గిస్తారు. ఎప్పుడు తగ్గించాలో తేదీ రాయించుకోండి. రెండూ ఏళ్లతరబడి కొనసాగితే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది, మీ అంతట మీరు ఆపేస్తే గడ్డ ప్రమాదం.

ఎల్‌డీఎల్ 104 నార్మల్ అన్నది ల్యాబ్ కాగితం మాట. ఆ హద్దు స్ట్రోక్ రానివాళ్ల కోసం. పూడిక వల్ల స్ట్రోక్ వచ్చినవాళ్లని 70 లోపు ఉంచితే, 90 నుంచి 110 మధ్య ఉంచినదానికన్నా గుండె, మెదడు ప్రమాదాలు తగ్గాయని 2020లో వచ్చిన ఒక ట్రయల్ చూపించింది. మీ నాన్నగారిది సరిగ్గా ఆ రెండో గుంపు అంకె. పైగా స్టాటిన్ అనే ఆ కొలెస్ట్రాల్ మాత్ర అంకెని దించడంతో ఆగదు, పెచ్చు పైపొరని గట్టిపరుస్తుంది. ఒంటినొప్పులు వస్తే చెప్పండి, మార్చే దారులున్నాయి.

బీపీ గురించి మీరడగలేదు గానీ చాలామంది అడుగుతారు: నాళం ఇరుకైనప్పుడు బీపీ దించితే అవతలికి రక్తం అందదేమో అని. మొదటి కొన్ని రోజులు ఆ భయం న్యాయమే, అందుకే అప్పుడు దూకుడుగా దించరు. నెల దాటాక లెక్క వేరు. తల లోపలి ఇరుకు ఉన్నవాళ్లని ఏళ్లపాటు గమనిస్తే, మళ్లీ స్ట్రోక్ ఎక్కువగా వచ్చింది బీపీ ఎక్కువున్నవాళ్లకే. పై అంకె 140 లోపు, తట్టుకుంటే 130 దగ్గరికి. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయంటే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి.

‘నాకు బాగానే ఉంది’ అంటున్న నాన్నగారిని ఒకటి అడగండి. నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగితే రెండు నిమిషాల్లో తగ్గుతుందా? అవునంటే కాలి నాళాలూ చెడ్డాయన్నమాట. చీలమండ దగ్గర, చేతి దగ్గర బీపీ కొలిచి పోల్చే చిన్న పరీక్షతో తెలిసిపోతుంది. మూడునాలుగు మాత్రలు వేసినా బీపీ లొంగకపోతే కిడ్నీ నాళాలు చూడాలి. మెట్లెక్కితే ఛాతీ బరువెక్కుతుంటే రెండేళ్ల కిందటి యాంజియోగ్రామ్‌ని నమ్ముకుని కూర్చోవద్దు.

మీకూ తమ్ముడికీ డాప్లర్ అక్కర్లేదు. ఏ లక్షణమూ లేని వయసులో మెడ స్కాన్ చేస్తే మేలు కన్నా అనవసరమైన భయాలు, పరీక్షలే ఎక్కువ. ఇద్దరూ బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. బీపీ మాత్రం ఇంట్లో మిషన్ ఉంటే నాన్నగారికి చూసే ప్రతిసారీ మీ చేతికీ ఓసారి కట్టుకోండి.